చెదల మందు వాసన, పిల్లలమర్రి నీడ

ఇంట్లో చెదల మందు పట్టించిన వాళ్లకు ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు. గాసునూనెలో ఎల్లిగడ్డ కుళ్లబెట్టినట్టుంటుంది. గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున 12 మిల్లీమీటర్ల బిట్టుతో వేసుకుంటూ పోతారు. ఇరవై శాతం క్లోర్‌పైరిఫాస్ ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, ఒక్కో రంధ్రంలో లీటరు పట్టిస్తారు. డబ్బాలో ఉన్నప్పుడు అది పల్చటి డికాషన్ రంగు. నీళ్లలో పడగానే పాలలా తెల్లబడుతుంది. ఆ తెల్లనీళ్ల బకెట్టు వరండాలో కనబడితే పాలమూరోళ్లకు గుర్తొచ్చేది గోడలూ తలుపులూ కావు. ఒక మర్రిచెట్టు గుర్తొస్తుంది.

ఎందుకంటే ఈ మందునే సెలైన్ సీసాల్లో నింపి, చెట్టు నిండా కట్టి, సూదులు గుచ్చి, బొట్టుబొట్టుగా ఎక్కించారు. 2018 వేసవిలో ఆ ఫోటోలు పేపర్లలో వస్తే దేశమంతా వింతగా చూసింది. దవాఖానలో పడుకోబెట్టిన తాతలాగా ఉంది చెట్టు, ఎటు చూసినా సీసాలు, పైపులు. అంతకుముందు ఎన్నో తరాల పాటు ఆ కొమ్మలకు వేలాడింది మేమే, అంటే పాలమూరు పిల్లలం.

మహబూబ్‌నగర్ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది గానీ ఊళ్లోవాళ్ల నోట్లో అది ఎప్పటికీ పాలమూరే. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి. ఊడలనే పిల్లలుగా కన్న మర్రి కాబట్టి ఆ పేరు. ఏడు వందల ఏళ్లదంటారు. మర్రికి వయసు లెక్కగట్టడానికి మామూలు కలపచెట్టులా వలయాలు లెక్కబెట్టే వీలు లేదు, కాబట్టి ఆ లెక్క తాతల నోటిమాటే. మూడెకరాలు పరుచుకుందని ఒకరు, నాలుగని ఒకరు. వెయ్యిమంది కూర్చోవచ్చని మాత్రం అందరూ చెప్తారు. దూరం నుంచి గుట్టలాగా కనబడి, దగ్గరికి పోయేసరికి గొడుగైపోతుంది.

(సూర్యాపేట పక్కన ఇంకో పిల్లలమర్రి ఉంది. అక్కడ కాకతీయుల కాలంనాటి గుడులున్నాయి, అవి చూడాల్సినవే. కానీ చెట్టు చూద్దామని అక్కడికి పోయిన చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరుంటారు.)

తొవ్వ

పట్నం నుంచి వచ్చే చుట్టాలు కాచిగూడలో రైలెక్కేవాళ్లు. అప్పుడది మీటరు గేజి లైను. పట్టాల మధ్య వెడల్పు అచ్చంగా ఒక మీటరే, అందుకని డబ్బాలు కూడా ఇరుకు. బొగ్గు ఇంజన్ రోజుల్లో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడిన పిల్లలు షాద్‌నగర్ రాకముందే కండ్లు నులుముకునేవాళ్లు. ఇంజన్ వైపు ముఖం పెట్టి కూర్చుంటే నలుసు పడుతుంది, వెనక్కి తిరిగి కూర్చుంటే పడదు. ఈ సంగతి ప్రతి పెద్దమనిషీ చెప్తాడు, ఏ పిల్లాడూ వినడు. పడ్డాక నులమకూడదు, రెప్ప లాగిపట్టి కండ్లనీళ్లతోనే కారిపోనివ్వాలి. లేదంటే తడి గుడ్డ కొసతో తీయాలి.

కార్తీకంలో పోతే దారిలో బాలానగర్ సీతాఫలం. దేశంలో ఎక్కడ నాటినా 'బాలానగర్' అనే పిలిచే రకం ఈ ఊరిదే. గంపలు నెత్తిన పెట్టుకుని కిటికీల వెంబడి ఉరికేవాళ్లు. కాయను నొక్కి చూసి కొనడం తెలియనోళ్ల పని. కన్ను చూడాలి. రెండు కండ్ల మధ్య గాడి వెడల్పై, లోపల వెన్నరంగు కనబడితే అది పండుతుంది. గాడి ఇంకా పచ్చగా, బిగిసి ఉంటే రెండు రోజుల్లో నల్లబడి రాయైపోతుంది, పండదు. ఇంటికి తెచ్చాక బియ్యంలోనో వరిగడ్డిలోనో పెడితే మూడో రోజుకు మెత్తబడుతుంది. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి, కాయ నల్లబడిందని అమ్మినవాణ్ని తిడుతున్నారు. సీతాఫలానికి చలి పడదు. తప్పు అమ్మినవాడిది కాదు.

రైలులోనూ బస్సులోనూ కిటికీ బయట వేలాడే వస్తువు ఒకటుండేది, కాన్వాసు నీళ్ల సంచి. ఇప్పటి పిల్లలకు చూపిద్దామన్నా దొరకదు. ముదురు గుడ్డ, ఒక మూలన మూతి, దానికి చిన్న బిరడా, మోయడానికి తాడు. గుడ్డ నేతలోంచి నీళ్లు కొద్దికొద్దిగా చెమర్చి, గాలికి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. కుండ చేసే పనే ఇదీ చేసేది, పగలదు కూడా. కొత్త సంచి తెచ్చిన రోజే నీళ్లు పోస్తే సగం కారిపోతాయి. రాత్రంతా బకెట్టులో నానబెడితే దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. మొదటి నాలుగైదు సార్లు నీళ్లు గోనెసంచి వాసన కొడతాయి, ఓర్చుకోవాలి. బస్సు ఆగి ఉంటే గాలి ఉండదు, నీళ్లు చల్లబడవు. అందుకే జడ్చర్లలో బస్సు ఎక్కువసేపు నిలబడితే నాయినలు దిగిపోయి సంచిని చేత్తో ఊపుతూ నిలబడేవాళ్లు.

పాలమూరులో దిగాక టాంగా, లేకుంటే రిక్షా. పిల్లలు ఎక్కువుంటే నడకే.

సద్ది

పిల్లలమర్రి ప్రయాణమంటే సగం చెట్టు, సగం సద్ది. ముందురోజు రాత్రే మొదలయ్యేది.

జొన్నరొట్టెలు దూరప్రయాణానికి పల్చగా కొట్టాలి. మరిగే నీళ్లు పోసి కలిపిన పిండైతేనే అంచులు చీలవు. పెనం మీద కాలాక ఊరుకోకుండా, పొయ్యి పక్కన నిలబెట్టి కటకటలాడేదాకా ఆరబెట్టేవాళ్లు. వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డలో మూటగడితే ఆవిరి బయటికి పోలేక చెమ్మగిల్లుతాయి, మధ్యాహ్నానికి తోలులా సాగుతాయి. ఆరినవైతే రెండు మూడు రోజులైనా ఏమీ కావు. వాటిలోకి పల్లీల పొడి, మామిడికాయ తొక్కు, పచ్చి ఉల్లిగడ్డ.

పులిహోరకు కిలో బియ్యానికి నూరు నుంచి నూటపాతిక గ్రాముల చింతపండు. పాత చింతపండైతే కొంచెం తగ్గించాలి, పులుపు తక్కువైనా రంగు నల్లగా దిగుతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచి, పసుపూ నూనే చల్లి పూర్తిగా ఆరనివ్వాలి. వేడన్నంలో పులుసు కలిపితే ముద్దవుతుంది. క్యారేజీలో మూతపెట్టాక పాచివాసన వచ్చేదీ ఆ తొందర వల్లే. పల్లీలు మాత్రం విడిగా కట్టుకుని, తినేముందు కలిపేవాళ్లు, లేకపోతే మెత్తబడతాయి.

పెరుగన్నం కట్టడంలో ఉన్న తెలివిని ఇప్పటికీ మెచ్చుకోవాలి. పెరుగు కలిపి తీసుకుపోతే ఎండకు మధ్యాహ్నానికి పుల్లటి ముద్ద. అందుకని పొద్దున మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, ఒకే ఒక్క చెంచా పెరుగు తోడేసి, మూత బిగించేవాళ్లు. చెట్టు కింద మూత తీసేసరికి గిన్నెలోనే తోడుకుని కమ్మగా ఉండేది. అదే చెట్టు మహిమ అనుకునే వయసు కొన్నాళ్లు నడిచింది.

వడ్డించేది మోతుకు విస్తళ్లలో. ఎండువి కాబట్టి ముందు నీళ్లు చల్లి మెత్తబరచుకోవాలి, లేకపోతే పుల్ల కుట్టిన చోట విరిగి చారు చాప మీదికి పారుతుంది. "మర్రాకులు ఇన్ని ఉండంగ విస్తళ్లు మోసుకొచ్చుడెందుకు నాయినమ్మా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. "తెంపి సూడు, నీ అంగీ సంగతి తెలుస్తది" అనేది నాయినమ్మ. తొడిమ తెంపగానే పాలు బొటబొటా కారతాయి. గుడ్డ మీద పడ్డప్పుడు తెల్లగా ఉండి, ఆరాక గోధుమరంగు మరక. నీళ్లు తగిలితే ఇంకా ముదురుతుంది. చేతికంటితే కొబ్బరినూనె రుద్ది, తర్వాతే సబ్బు. అంగీకంటితే గాసునూనె గుడ్డతో తుడవాలి, అయినా నీడలాగా మరక మిగులుతుంది. ఆ ఏడు పిల్లలమర్రికి పోయొచ్చినట్టు గుర్తు.

వంట అక్కడే చేసుకునేవాళ్లూ ఉండేవాళ్లు. మూడు రాళ్లు, ఎండు పుల్లలు, గుండి. వనభోజనాల ఆదివారమైతే చెట్టు కింద పదిచోట్ల పొగ లేచేది. ఆ రాళ్లు మసిబారి వారాల తరబడి అట్లే ఉండేవి, తర్వాతి వారం వచ్చినవాళ్లు మళ్లీ వాటిమీదే పొయ్యి పెట్టేవాళ్లు. వేళ్ల మీద మంట పెడుతున్నామని ఒక్కరికీ తోచేది కాదు.

అసలు మొదలు ఏది?

తిన్నాక పెద్దవాళ్లు చాపల మీద ఒరుగుతారు. పిల్లలకు చారాణా పందెం. తల్లి మాను ఏదో చూపించాలి.

చెప్పినంత తేలిక కాదు. ఒక ఊడ నేలను పట్టి, ఇరవై ముప్పై ఏళ్లకు మానులాగే లావెక్కుతుంది. వందల ఏళ్లయ్యాక ఏది పుట్టిన మొదలో, ఏది దిగిన ఊడో బెరడు చూసి చెప్పలేం. ఒకడు అన్నిటికన్నా లావుదాన్ని చూపిస్తాడు. ఇంకొకడు నడుమ ఉన్నదాన్ని. ఎదురు తిరిగినవాణ్ని నాయిన దగ్గరికి లాక్కుపోతే ఆయన కండ్లు తెరవకుండానే చెయ్యి ఎటో చూపించేవాడు. ఆ చెయ్యి ఎటు తిరిగితే అటువాడికి చారాణా.

నిజానికి నేలమీద మొలిచిన మొదలు అనేదే ఉండి ఉండకపోవచ్చు. మర్రి చాలాసార్లు ఇంకో చెట్టు కొమ్మ సందులోనే మొలుస్తుంది. పండు తిన్న పక్షి అక్కడ రెట్ట వేస్తే, ఆ కాస్త మట్టిలో ఆవగింజకన్నా చిన్న విత్తు మొలకెత్తి, వేళ్లను కిందికి దించి, నేల అందాక బలిసి, ఎక్కిన చెట్టునే చుట్టేసి చంపేస్తుంది. పాత గోడల మీద, బావి గట్ల మీద మర్రిమొక్క కనబడేది అందుకే.

పండ్ల కాలంలో ఆ చెట్టు కింద చప్పుడే వేరు. ఎండాకుల మీద టప్ టప్ మని పండ్లు రాలడం, పైన చిలుకల కేకలు, గోరింకల పోట్లాటలు, నడుమ కోతులు కొమ్మలు ఊపడం. రాలిన పండును చీల్చి చూస్తే నలుసంత పురుగులు. మేడిపండు సామెత చెప్పి ఛీ అనేవాళ్లు పెద్దలు. ఆ పురుగు పండుకు పట్టిన చీడ కాదు. మర్రికి పువ్వులు కాయ లోపలే ఉంటాయి, బయటికి కనబడవు. కాయ నెత్తిన సూదిమొనంత కన్ను ఉంటుంది. అందులోంచి ఒక చిన్న కందిరీగ లోపలికి దూరి, రెక్కలు తెంపుకుని, పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. మర్రికంటూ ఒక జాతి కందిరీగ ఉంది, రావికి ఇంకొకటి, మేడికి మరొకటి. ఆ పురుగు లేకపోతే విత్తనమే లేదు.

ఉయ్యాల

పిల్లలమర్రి అంటే ఫోటోల్లో ఎప్పుడూ ఊడ పట్టుకుని ఊగుతున్న పిల్లే ఉంటుంది. బొటనవేలు లావున్న ఊడ ఎనిమిదేళ్ల పిల్లను అవలీలగా మోస్తుంది. రెండు మూడు ఊడలు జడలా పెనవేసి కొస ముడేస్తే కూర్చునే ఉయ్యాల. గుత్తిగా వేలాడే చోట వరసలో నిలబడి వంతు కోసం కాచుకునేవాళ్లు. "ఇంగ సాలు దిగరా, నా వంతొచ్చింది" అనే కేక ఎప్పుడూ వినబడేది. బడి పిల్లలు బస్సుల్లో వస్తే ఒక్కో ఊడకు అరడజనుమంది.

ఊడ ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాళ్లు ఆ ఊపును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పొడవు పెరగడమంతా కొసనున్న వేలెడంత మేరలోనే. లేత ఊడ కొసను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పైనంతా గోధుమరంగు, గరుకు. చివర మాత్రం లేత పసుపు, కొంచెం గులాబీ, తడితడిగా, గోరు గుచ్చితే దిగేటంత మెత్తన. వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు అది కిందికి జరుగుతుంది, ఎండాకాలం ఆగిపోతుంది. ఆ కొసను ఒక చెయ్యి నలిపినా, ఒక మేక కొరికినా ఊడ అక్కడే నిలిచి, పక్క నుంచి నాలుగు సన్నవేళ్లు చీపురులా విచ్చుకుంటుంది. వాటిలో ఒకటి ముందుకు పోవడానికి ఇంకో వానాకాలం పడుతుంది. ప్రతి ఏటా మళ్లీ ఒక చెయ్యి తగులుతుంటే ఊడ ఎప్పటికీ నేలకు రాదు. పిల్లల ఎత్తులో చీపుర్లలా వేలాడే ఊడలన్నీ అట్లా ఆగిపోయినవే.

నేలకు చేరినదానికి ఇంకో చిక్కు. వెయ్యిమంది నడిచి నడిచి గచ్చులా బిగిసిన నేలలోకి మెత్తటి కొస దూరలేదు. తాకి, పక్కకు పాకి, ఎండకు మాడిపోతుంది. కూర్చోవడానికి పోసిన సిమెంటు అరుగుల మీదికి దిగితే ఇక చెప్పేదేముంది.

దూరిందా, ఆ మార్పు చూడాల్సిందే. అప్పటిదాకా గాలికి ఊగిన తాడు, నేలలో వేరు పట్టుకున్నాక బిగుసుకుంటుంది. వంకరగా దిగిన ఊడ కూడా లోపలి కలప ముడుచుకుని సాఫీగా, వీణతీగలా నిలబడుతుంది. ఆ తర్వాతే లావెక్కడం మొదలు. అప్పటినుంచి పైకొమ్మకు అది స్తంభమూ అవుతుంది, నీళ్లు పంపే గొట్టమూ అవుతుంది. స్తంభం దొరికిన కొమ్మ ధైర్యంగా ఇంకా ముందుకు సాగుతుంది, సాగిన చోట మళ్లీ ఊడలు దించుతుంది. ఎకరాలకు ఎకరాలు పరుచుకునేది ఇట్లా ఒక్కో స్తంభం వేసుకుంటూనే.

స్తంభం దొరకని కొమ్మ కూడా పెరగడం ఆపదు. ఆకులు వేస్తుంది, బరువెక్కుతుంది, ఒక వానకు తడిసి ఇంకా బరువవుతుంది. బరువంతా మాను కలిసే చోట పడి అక్కడ సన్నగా పగులు. పగుల్లో నీళ్లు నిలుస్తాయి, బూజు పడుతుంది, కలప చస్తుంది. చచ్చిన కలప ఉందంటే చెదలు ఎక్కడున్నా వస్తాయి. చెట్టును చెదలు తినేశాయని అందరూ అంటారు. తలుపు తీసి ఉంటేనే అవి లోపలికొచ్చాయి. తలుపు తీసిందెవరో ఉయ్యాల ఫోటోలు చూస్తే తెలుస్తుంది.

పక్కనున్నవి

చెట్టుతోపాటు ఇంకా ఏవేవో ఉండేవి. జింకల పార్కు, చేపల అద్దాల పెట్టెలు, మ్యూజియం. జింకలకు కంచె సందుల్లోంచి గడ్డి పెట్టబోతే కావలివాడు అరిచేవాడు. చేపల దగ్గర చిన్నపిల్లలు అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే గీరకుండా లాక్కుపోవడం అక్కల వంతు.

మ్యూజియంలోని పాతరాళ్ల దగ్గర పిల్లలం నిలబడేవాళ్లం కాదు. పెద్దయ్యాక చూస్తే తప్ప వాటి విలువ తెలియలేదు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన శిల్పాలు, శాసనాలు అక్కడికి చేర్చారు. కృష్ణ ఒడ్డున మునిగే చోటి నుంచి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడి కూడా ఉంది. ఇట్లాంటి గుడులను తరలించేటప్పుడు ప్రతి రాయికీ ఒక నంబరు రాసి, వరసకొక పటం గీసి, పైనుంచి కిందికి విప్పుకుంటూ వస్తారు. కట్టేటప్పుడు కింది నుంచి పైకి. ఒక్క నంబరు చెరిగినా ఆ వరస దగ్గర పని ఆగుతుంది. చెట్టు నీడలో దర్గా కూడా ఉంది. గుడి గంట, దర్గా ఊదు పొగ, పొయ్యిల పొగ, పులిహోర పోపు, అన్నీ ఒకే గాలిలో కలిసేవి. దర్గా దగ్గర పంచే చక్కెర కోసం చేయి చాపని పిల్లాడు లేడు.

సీసాలు

2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. చెట్టు బాగోగులు అటవీశాఖ చేతికి వచ్చాయి. మొదట మానుకు రంధ్రాలు వేసి మందు పోసి చూశారు, పోసింది పోసినట్టే బయటికి వచ్చేసింది. రావడంలో వింత లేదు. బతికున్న కలప స్పాంజి కాదు, లోపల అప్పటికే నీళ్లతో నిండిన సన్నటి గొట్టాలుంటాయి, అవి తాగే వేగం వాటికుంది. పైగా మర్రి పాలచెట్టు. గాయం చేస్తే పాలు ఊరి, గాలి తగిలి గడ్డకట్టి, గాయాన్ని మూసేస్తాయి. ఒక్కసారిగా పోసిన గ్లాసు మందుకు పోయే దారి లేదు.

అందుకని దవాఖాన పద్ధతి. పలచన చేసిన మందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మకు తలకిందులుగా కట్టి, గొట్టం చివర సూదిని రంధ్రంలో గుచ్చి, చక్రం తిప్పి బొట్టు వేగం తగ్గించారు. దవాఖానలో వాడే మామూలు సెట్టు ఇరవై బొట్లకు ఒక మిల్లీలీటరు. అరలీటరు సీసా అంటే పదివేల బొట్లు. నిమిషానికి పది బొట్ల లెక్కన వదిలితే సీసా ఖాళీ కావడానికి పదహారు గంటలు దాటుతుంది. అట్లాంటివి వందల సీసాలు, కొమ్మ పొడవునా కొంత కొంత దూరంలో. వాటిని కట్టడం కన్నా చూసుకోవడమే పెద్ద పని. సీసా ఖాళీ అయితే మార్చాలి. గొట్టంలో గాలిబుడగ చేరితే బొట్టు ఆగుతుంది, వేలితో కొట్టి వదిలించాలి. సూది చుట్టూ కారుతుంటే ఊడబెరికి ఇంకోచోట గుచ్చాలి.

సూదులతో అయిపోలేదు. మొదళ్ల దగ్గర నేలలోకి కూడా పలచటి మందు పారించారు, చెదల ఇల్లు మట్టిలోనే కాబట్టి. మాను మీద పాకే మట్టిపొరను గీకేసి మురిసిపోతే తెల్లారేసరికి మళ్లీ కట్టుకుంటాయి. అది వాటి దారే, ఇల్లు కాదు. వాలిన కొమ్మల కింద కాంక్రీటు స్తంభాలు నిలబెట్టారు. ఊడలు చేయాల్సిన పని సిమెంటుతో చేయించడమన్నమాట. వేరే గతి లేదు. కొమ్మ పడిపోతే దాని ఊడలూ పోతాయి.

మందు గురించి ఒక మాట. ఇది చేపలకూ తేనెటీగలకూ ప్రాణాంతకం, మనుషులకూ మంచిది కాదు. పిల్లలమర్రి ఫోటోలు చూసి ఇంట్లో మామిడిచెట్టుకు సీసా కట్టినవాళ్లున్నారు. పండు తినే చెట్టుకు ఇది చేయకూడదు. చచ్చిన కొమ్మ కోసేసి, కోసిన చోట నీళ్లు నిలవకుండా వాలుగా చెక్కి, మట్టిపొర గీకి, మొదట్లో నేల గుల్ల చేస్తే చాలావరకు సరిపోతుంది.

గొట్టంలో పెరిగే ఊడ

సీసాలకన్నా చూడదగ్గది ఊడలకు దారి కట్టడం. పెద్ద మర్రులున్న చోటల్లా చేసే పనే ఇది. నిలువునా చీల్చిన వెదురుబొంగు గానీ ప్లాస్టిక్ గొట్టం గానీ తీసుకుంటారు. ఊడ కొస నుంచి నేల దాకా అందే పొడవుండాలి. లోపల పీచు, మాగిన పెంట, మట్టి కలిపి వదులుగా నింపుతారు. గట్టిగా కూరితే కొస దిగదు, గాలీ ఆడదు. కొసను నలగకుండా లోపలికి వదిలి, గొట్టాన్ని గుంజకు కట్టేస్తారు, ఊడకు కాదు. ఊడకు కడితే గాలికి గొట్టం బరువే దాన్ని తెంపుతుంది. గొట్టం దిగే చోట రెండడుగుల గుంత తవ్వి, తొక్కి బిగిసిన మట్టి తీసేసి, మెత్తటి ఎర్రమట్టీ ఎరువూ నింపి, ఆ చుట్టూ ఎవరూ నడవకుండా కంచె. పైనుంచి నీళ్లు పోస్తూ తడి ఆరకుండా చూసుకుంటారు. చాలామంది తప్పు చేసేది చివర్లోనే. ఊడ నేలకు తగలగానే గొట్టం తీసేస్తారు. లావెక్కి తన బరువు తాను మోసేదాకా ఉంచాలి.

2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు పిల్లలమర్రి చూసి పోయారు. ఆ ఫోటోల్లో చెట్టు పచ్చగానే ఉంది. పాత అలవాటు కొద్దీ చూపు వాళ్ల మీద నిలవక వెనకాల ఊడల వైపు పోయింది, కొసలు ఎంత ఎత్తులో ఉన్నాయా అని.

తల్లి మాను పందేనికి కూడా జవాబు దొరికింది, కానీ పాలమూరులో కాదు. కలకత్తా బొటానికల్ గార్డెన్లో ఒక పెద్ద మర్రి ఉంది. బూజు పట్టి కుళ్లిపోయిందని 1925లో దాని అసలు మొదలును నరికి తీసేశారు. వందేళ్లయింది, చెట్టు ఊడల మీదే నిలబడి ఇంకా పక్కలకు జరుగుతూనే ఉంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ఒక్క మాను లావును చూసి కాదు, గొడుగు ఎంత మేర పరుచుకుందో చూసి. నడుమ లావుదాన్ని చూపించినవాడికీ, అంచున సన్నదాన్ని చూపించినవాడికీ నాయిన ఇచ్చిన తీర్పు చెల్లదన్నమాట. అప్పట్లో చారాణా పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడు తిరిగి అడగొచ్చు.